మందు తాగను, ఆఫీస్ వాళ్లు ఇజకయాకి పిలిచారు. టోక్యోలో అక్కడ ఎలా నడుచుకోవాలి, ఏ మాటలు వస్తే చాలు?

మూడు నెలల ప్రాజెక్ట్ మీద టోక్యో వస్తున్నారు, మొదటి వారంలోనే టీమ్ వాళ్లు మీకోసం ఇజకయాలో పార్టీ పెట్టారు, మీరు మందు ముట్టరు, చికెన్ తప్ప వేరే మాంసం తినరు. వెళ్లకపోతే ఏమైనా అనుకుంటారా, వెళ్తే ఎలా నెట్టుకు రావాలి అని అడిగారు. తప్పకుండా వెళ్లండి. నేను ఆరేళ్లుగా టోక్యోలోనే నిషి కసాయ్ అనే చోట ఉంటున్నాను, నేనూ తాగను. అయినా ఇక్కడి వాళ్లతో నాకు స్నేహం కుదిరింది ఆఫీసులో కంటే ఇజకయా బల్లల దగ్గరే ఎక్కువ.

ఇజకయా అనగానే మనకు బార్ గుర్తొస్తుంది, అందుకే టెన్షన్ పడతాం. నిజానికి అది చిన్న చిన్న ప్లేట్లలో రకరకాల తిండి తెప్పించుకుని, బల్ల మధ్యలో పెట్టుకుని, అందరూ పంచుకుంటూ రెండు మూడు గంటలు కూర్చునే చోటు. మీ గ్లాసులో ఏముందో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పక్కవాళ్ల గ్లాసు ఖాళీ అయితే మీరు చూశారా, ప్లేటు అటు జరిపారా అన్నదే గమనిస్తారు. మన పెళ్లి విందులో విస్తరి ఖాళీ కాకుండా చూసుకునే మనిషిని అందరూ ఎలా గుర్తుపెట్టుకుంటారో, ఇక్కడా అంతే.

లోపల అడుగు పెట్టగానే "ఇరష్షాయ్‌మసే!" అని గట్టిగా అరుస్తారు. రండి రండి అని స్వాగతం. బదులు చెప్పక్కర్లేదు, తల కొద్దిగా వంచితే చాలు. తర్వాత ఎప్పుడైనా మీరొక్కరే వెళ్తే "నన్మేసమ దెస్ క?" అని ఎంతమందో అడుగుతారు. ఒక్కరైతే "హితొరి దెస్", ఇద్దరైతే "ఫుతరి దెస్", లేదా వేళ్లు చూపించండి. చాపలు పరిచిన గదుల్లో చెప్పులు విప్పాలి. గుమ్మం పక్కన చెక్క అరలుంటాయి, వాటి తాళం కూడా చాలాచోట్ల ఒక చెక్కముక్కే, దాన్ని జాగ్రత్తగా జేబులో వేసుకోండి. మంచి సాక్స్ వేసుకుని వెళ్లండి. గుమ్మానికి దూరంగా ఉండే చోటు పెద్దవాళ్లది కాబట్టి, ఎక్కడ కూర్చోవాలో వాళ్లు చూపించేదాకా ఆగండి.

కూర్చోగానే తడి తువ్వాలు ఇస్తారు, ఒషిబొరి అంటారు. అది చేతులకే. దానితో మొహం, మెడ తుడుచుకోకండి. వెంటనే మీరు అడగని చిన్న గిన్నె ఒకటి వస్తుంది. ఉడికించిన కూర ముక్కలో, ఇంకేదో నంజుకునేదో ఉంటుంది. దాని పేరు ఒతోషి. అది సీటు ఛార్జీ లాంటిది, సాధారణంగా మనిషికి 300 నుంచి 500 యెన్‌ల దాకా బిల్లులో పడుతుంది. మా తమ్ముడు వచ్చినప్పుడు "మేము ఆర్డర్ చేయలేదు" అని వెనక్కి పంపబోయాడు, నేను ఆపాను. తినకపోయినా ఫర్వాలేదు, దాని గురించి వాదన మాత్రం వద్దు.

ఇక మొదటి డ్రింక్. బల్ల చుట్టూ "తొరియెజు నమ" అని వినిపిస్తుంది. ప్రస్తుతానికి డ్రాఫ్ట్ బీరు కానివ్వండి అని అర్థం. అందరూ ఒకటే చెప్తే త్వరగా వస్తుంది, త్వరగా మొదలుపెట్టవచ్చు. మీరు "ఒసకె వ నొమెమసెన్" అనండి. మందు తాగలేను అని దానర్థం. కారణం ఎవరూ అడగరు. తర్వాత "ఊరోన్‌చా ఒనెగాయ్‌షిమస్" అని చెప్పండి, చల్లని ఊలాంగ్ టీ తెస్తారు. ఇక్కడ ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి: ఊరోన్‌చా వేరు, ఊరోన్‌హాయ్ వేరు. హాయ్ అంటే అందులో షోచూ అనే మందు కలిపినట్టు. రంగు ఒకటే. నేను మొదట్లో మెనూలో వేలు తప్పు చోట పెట్టి ఒక గుటక మింగాక తెలుసుకున్నాను. "సవా" అని పేరు చివర ఉన్నవి కూడా అంతే. లెమన్ సవా అంటే మన నిమ్మకాయ సోడా అనుకునే ప్రమాదం ఉంది. అనుమానం వస్తే గ్లాసు చూపించి "అరుకోరు హాయిత్తెమస్ క?" అని అడగండి, ఆల్కహాల్ ఉందా అని.

గ్లాసు ముందుకొచ్చినా వెంటనే తాగకూడదు. అందరివీ వచ్చాక ఎవరో ఒకరు రెండు మాటలు మాట్లాడి "కంపాయ్!" అంటారు, అప్పుడే. గ్లాసులు తాకించేటప్పుడు పెద్దవాళ్ల గ్లాసు కంటే మీది కొంచెం కిందకి పెట్టండి. కంపాయ్ తర్వాత "ఒత్సుకరెసమ దెస్" అనుకుంటారు. ఈ మాట ఆఫీసులో రోజూ వినబడుతుంది, ఇంత కష్టపడ్డారు అని ఒకరినొకరు గుర్తించుకోవడం.

సీసా బీరు వస్తే ఎవరూ తమ గ్లాసులో తామే పోసుకోరు, ఒకరికొకరు పోస్తారు. మీరు టీ తాగుతున్నా సరే, సీసాను రెండు చేతులతో, లేబుల్ పైకి కనబడేలా పట్టుకుని మేనేజర్‌కి పోయండి. ఆయనకు ఎంత బాగా అనిపిస్తుందో చూస్తారు. ఇక మీకెవరైనా పోస్తుంటే ఆపడం ఎలా? మనం వద్దంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం. ఇక్కడ గ్లాసును నిండుగా ఉంచేయడమే వద్దు అనే సూచన. ఖాళీ చేసిన ప్రతిసారీ నింపుతారు. నోటితో చెప్పాలంటే "దాయ్‌జోబు దెస్" అని మెల్లగా అంటే చాలు.

చాప్‌స్టిక్స్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నా మొదటి పార్టీలో తప్పు జరిగింది ఇక్కడే. పక్కనున్న సహోద్యోగికి చికెన్ ముక్క ఇద్దామని నా పుల్లలతో పట్టుకుని అతని పుల్లల వైపు చాచాను. అతను తీసుకోలేదు. నవ్వుతూనే ఒక చిన్న ప్లేటు నా ముక్క కింద పెట్టాడు. ఇంటికి వెళ్లేటప్పుడు రైల్లో ఒక పెద్దాయన వివరంగా చెప్పారు. దహనం అయ్యాక ఇంటివాళ్లు ఎముకలను పుల్లలతో తీసి, ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకు అందించుకుంటూ కలశంలో వేస్తారట. మన అస్థి సంచయనం గుర్తొచ్చి నాకు ఆ రాత్రంతా బాధగా ఉంది. భోజనాల బల్ల మీద ఆ పని చేస్తే వాళ్లకు ఎలా ఉంటుందో మనకంటే బాగా ఎవరికి అర్థమవుతుంది? అలాగే అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చకండి. చనిపోయినవారి దగ్గర పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. వాడనప్పుడు పుల్లలను చిన్న దిమ్మ మీద పడుకోబెట్టాలి.

మనకు ఎంగిలి పట్టింపు ఉంటుంది కదా, ఉమ్మడి ప్లేటులోంచి అందరూ తమ పుల్లలతోనే తీసుకోవడం చూసి ఇబ్బంది పడకండి. "తొరిబషి కుదసాయ్" అంటే వడ్డించుకోవడానికి వేరే పుల్లలు ఇస్తారు. ఇది అడగడం తప్పు కాదు, ఎవరూ చిన్నబుచ్చుకోరు. మొదట మీ చిన్న ప్లేటులోకి తీసుకుని, ఆ తర్వాత తినండి.

తిండి విషయం పార్టీకి ముందే ఏర్పాట్లు చూసే వాళ్లకు చెప్పడం మంచిది. "గ్యూనికు తొ బుతనికు వ తబెరరెమసెన్. తొరినికు వ దాయ్‌జోబు దెస్." అంటే గొడ్డు మాంసం, పంది మాంసం తినలేను, కోడి ఫర్వాలేదు అని. చికెన్ తినేవాళ్లకు ఇజకయా పండగే. కరాగే అని అల్లం, సోయా సాస్‌లో నానబెట్టి వేయించిన చికెన్ ఉంటుంది. యకితొరి అంటే పుల్లలకు గుచ్చి బొగ్గుల మీద కాల్చిన చికెన్ ముక్కలు. ఉప్పు వేసింది కావాలంటే "షియొ", తీపి సాస్ పూసింది కావాలంటే "తరె" అనాలి. నాకైతే షియొ మీదే ఇష్టం. యకితొరి మెనూలో పంది మాంసం గుచ్చిన పుల్లలు కూడా కలిసి ఉంటాయి కాబట్టి "తొరి దెస్ క?" (కోడేనా?) అని అడిగి తెప్పించుకోండి. గ్యోజా అనే కుడుముల్లో దాదాపు ఎప్పుడూ పంది మాంసమే, పొటాటో సలాడ్‌లో కూడా హామ్ ముక్కలు కలుపుతారు. పూర్తి శాకాహారి స్నేహితులు వెంట ఉంటే కష్టం ఇంకో చోట: దషి అనే చేప రసం పులుసుల్లోనూ, ఉడికించిన కూరల్లోనూ ఉంటుంది. వాళ్లకు ఎదమామె (ఉప్పు వేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు), ముక్కలు కోసిన చల్లని టమాటా, చేప తురుము లేకుండా చల్లని టోఫు చెప్పవచ్చు. తురుము వద్దనడానికి "కత్సుఒబుషి నుకి దె" అనండి. ఇంకో చిన్న సంగతి, కరాగే పక్కన వచ్చే నిమ్మచెక్కను ప్లేటంతా పిండేయకండి, నిమ్మ నచ్చని వాళ్లుంటారు. అడిగి పిండండి.

వెయిటర్‌ని పిలవడానికి "సుమిమసెన్!" అని గట్టిగా అనాలి. ఇంత నిశ్శబ్దంగా ఉండే ఊళ్లో అరవడానికి నాకు మొహమాటం వేసేది, కానీ ఇజకయాలో అది మామూలే. చాలాచోట్ల బల్ల మీద బటనో ట్యాబ్లెట్టో ఉంటుంది. మెనూలో బొమ్మ చూపించి "కొరె హితొత్సు" అంటే ఇది ఒకటి, "ఫుతత్సు" అంటే రెండు. "ఒసుసుమె వ నన్ దెస్ క?" అని అడిగి చూడండి, ఏది బాగుంటుందో వాళ్లు సంతోషంగా చెప్తారు. కొంచెం కొంచెంగా తెప్పించుకోండి, మిగిలింది కట్టి ఇవ్వమంటే చాలాచోట్ల ఇవ్వరు.

బిల్లుకి "ఒకాయ్‌కే ఒనెగాయ్‌షిమస్". రెండు చూపుడు వేళ్లు అడ్డంగా పెట్టి గుణకారం గుర్తులా చూపించినా అర్థమవుతుంది. డబ్బు కౌంటర్ దగ్గర ట్రేలో పెట్టాలి. టిప్ ఇవ్వకండి, మర్చిపోయారనుకుని వెంట పరిగెత్తుకొచ్చి ఇస్తారు. మామూలు పార్టీల్లో మొత్తాన్ని తలా ఇంత అని సమానంగా పంచుకుంటారు, తాగని వాళ్ల వాటా కొన్నిసార్లు తగ్గిస్తారు. మిమ్మల్ని ఆహ్వానించే పార్టీ కాబట్టి బహుశా మీ దగ్గర తీసుకోరు, అయినా పర్సు తీసి అడగండి. బయటికొస్తూ "గొచిసోసమ దెష్త" అని వంటవాళ్లకు వినబడేలా చెప్పండి, భోజనానికి ధన్యవాదాలు అని.

మీతో వచ్చే తెలుగు వాళ్లలో తాగేవాళ్లుంటే ఈ మాట చేరవేయండి: స్టేషన్ దగ్గర సైకిల్ పెట్టి వెళ్తే తిరిగి తొక్కుకుంటూ ఇంటికి రాకూడదు. 2024 నవంబర్ నుంచి మద్యం తాగి సైకిల్ తొక్కినా మూడేళ్ల వరకు జైలు లేదా 5 లక్షల యెన్‌ల వరకు జరిమానా పడవచ్చు. నడిపించుకుంటూ రావాలి, లేదా అక్కడే వదిలేయాలి.

మర్నాడు ఉదయం ఆఫీసుకి వెళ్లగానే, కంప్యూటర్ తెరవక ముందే, మేనేజర్ దగ్గరికీ పార్టీ ఏర్పాటు చేసిన వాళ్ల దగ్గరికీ వెళ్లి "కినో వ అరిగతో గొజాయ్‌మష్త" అని చెప్పండి. నిన్నటికి ధన్యవాదాలు అని. రాత్రి చెప్పి ఉన్నా సరే, పొద్దున మళ్లీ చెప్పాలి.