టెక్ సందేహాలు: లేయర్లు పెంచినంత మాత్రాన నాయిస్ పోదు

ప్రశ్న: నాలుగు లేయర్ల (రాగి పొరల) సర్క్యూట్ బోర్డు చేయించాను. పైన సిగ్నల్, రెండోది పవర్, మూడోది గ్రౌండ్, అడుగున మళ్లీ సిగ్నల్. వైఫై ఆన్ చేయగానే మైక్ రికార్డింగ్‌లో సెకనుకు పదిసార్లు టిక్ టిక్‌మంటోంది. ఆరు లేయర్లకు వెళ్తే పోతుందా?

ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. అన్నింటి చివరా ఒకటే మాట: ఇంకో రెండు లేయర్లు వేయమంటారా? వద్దు. ముందు ఉన్న నాలుగింటినీ సరిగ్గా పేర్చండి. సిగ్నల్, సిగ్నల్, గ్రౌండ్, పవర్, సిగ్నల్, సిగ్నల్ అని ఆరు పేర్చినా బయటి రెండు లేయర్లకూ పక్కన ప్లేనే (పవర్‌కో గ్రౌండ్‌కో పొరంతా పరిచిన రాగి రేకు) ఉండదు. డబ్బు దండగ.

సెకనుకు పది అని లెక్కపెట్టి రాశారు చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. వైఫై రౌటర్ మామూలుగా 102.4 మిల్లీసెకన్లకోసారి బీకన్ (నేనిక్కడున్నానని చెప్పే చిన్న సంకేతం) పంపుతుంది. దాన్ని వినడానికి మీ వైఫై మాడ్యూల్ నిద్రలేచిన ప్రతిసారీ ఒక్కసారిగా కరెంటు గుంజుతోంది, పవర్ ప్లేన్ వోల్టేజ్ కాస్త కుంగుతోంది. మైక్ ట్రేస్ (బోర్డు మీది సన్నని రాగి దారి) పోతున్నది ఆ ప్లేన్‌కు 0.2 మిల్లీమీటర్ల ఎత్తులోనే. కింద ప్లేన్ ఊగుతుంటే పైన ట్రేస్ నిమ్మళంగా ఎలా ఉంటుంది?

అసలు గొడవ ఇంకోచోట ఉంది. బోర్డు గీసేవాళ్లు చాలామంది సిగ్నల్ వెళ్లే దారి చూస్తారు, తిరిగొచ్చే దారి చూడరు. వేగంగా మారే సిగ్నల్‌కు రిటర్న్ కరెంట్ ట్రేస్‌ను అంటిపెట్టుకుని, సరిగ్గా దాని కిందనుంచే వస్తుంది. ట్రేస్‌కూ ప్లేన్‌కూ మధ్య ఎంత ఎత్తుందో దానికి మూడింతలు అటూ ఇటూ కొలవండి, దాదాపు 80 శాతం కరెంటు ఆ పట్టీలోనే ఉంటుంది. మీ బోర్డులో అది అటు 0.6, ఇటు 0.6 మిల్లీమీటర్లు. అంత సన్నని దారి.

మీరు పంపిన బోర్డు డిజైన్ ఫైలు తెరిచి చూశాను. పవర్ లేయర్‌ను 3.3 వోల్టులకు ఒక ముక్క, 5 వోల్టులకు ఒక ముక్క చేశారు. రెండింటి మధ్య గీటు మీదుగా 24 మెగాహెర్ట్జ్ క్లాక్ (చిప్‌లకు లయ కట్టే సిగ్నల్) ట్రేస్ దాటిపోతోంది. కింద వచ్చే కరెంటుకు అక్కడ దారి తెగిపోయింది. దగ్గర్లోని కెపాసిటర్ (కాస్త చార్జ్ దాచుకునే భాగం) దాకా పోయి, గ్రౌండ్‌లోకి దిగి, ఇంకో కెపాసిటర్‌లోంచి పైకెక్కి రావాలి. ఆ చుట్టే యాంటెన్నా అయి కూర్చుంటుంది. 24 మెగాహెర్ట్జే కదా అనుకోవద్దు. క్లాక్ అంచు 1 నానోసెకనులో లేస్తే 350 మెగాహెర్ట్జ్ దాకా నాయిస్ (అక్కర్లేని విద్యుత్ అలజడి) ఉంటుంది. ఇలాంటి బోర్డు మీదే ఒకసారి కోయాక్స్ కేబుల్ కొసను చిన్న లూప్‌గా వంచి, క్లాక్ ట్రేస్ వెంబడి కాస్త ఎత్తులో జరుపుతూ పోయాను. గీటు దగ్గరకు రాగానే స్పెక్ట్రమ్ ఎనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే పరికరం) తెర మీద అప్పటిదాకా అడుగున ఉన్న గీతలన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి.

లోపలి రెండు లేయర్లూ గ్రౌండ్ చేసేయండి. పవర్‌ను బయటి లేయర్లలో వెడల్పు ట్రేస్‌లుగా తిప్పండి. పవర్, గ్రౌండ్ ప్లేన్లు పక్కపక్కన ఉంటే కెపాసిటర్‌లా పనిచేస్తాయి కదా అంటారు. మామూలు 1.6 మిల్లీమీటర్ల బోర్డులో ఆ రెండింటి మధ్య ఉండే కోర్ (దళసరి మధ్య పొర) ఒక్కటే 1 మిల్లీమీటరు దాటుతుంది. చదరపు సెంటీమీటరుకు మూడు నాలుగు పికోఫారడ్‌లు వస్తాయి, అంతే. సిగ్నల్ పై నుంచి అడుక్కి దిగే ప్రతిచోటా పక్కనే ఒక గ్రౌండ్ వయా (పొరలను కలిపే చిన్న రంధ్రం) వేయండి. అది మరిచిపోతే రెండు గ్రౌండ్లు పెట్టీ లాభం లేదు. మైక్‌ను మాత్రం వోల్టేజ్ రెగ్యులేటర్‌కూ వైఫైకీ మధ్య దారిలోంచి తీసి మూలకు జరపండి. క్లాక్‌తో పోలిస్తే వైఫై కరెంటు గుంజుడు నెమ్మదైనది, ట్రేస్ కింద ఒదిగి ఉండదు, ప్లేన్ అంతా పరుచుకుంటుంది.

ప్రశ్న: అనలాగ్ గ్రౌండ్, డిజిటల్ గ్రౌండ్ వేరుచేయమంటారా?

వద్దు. గ్రౌండ్‌ను ఒకటిగానే ఉంచి, మైక్ లాంటి అనలాగ్ భాగాలను, ప్రాసెసర్ లాంటి డిజిటల్ భాగాలను వేరువేరు చోట్ల పెట్టండి. చీల్చిన గ్రౌండ్ మీదుగా ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ట్రేస్ లాగుతారు.

ప్రశ్న: మా స్మార్ట్ లాక్‌లో ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ (రహస్య కీతో సమాచారానికి తాళం వేసే పద్ధతి) ఉంది. బోర్డు కాస్త నాయిస్ చేస్తే సెక్యూరిటీకి ఏమవుతుంది?

నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టే మాట ఇదే. చిప్ లోపల ఏ లెక్క జరుగుతోందో దాని జాడ ఆ నాయిస్‌లో ఉంటుంది. 1985లో డచ్ పరిశోధకుడు విమ్ వాన్ ఎక్ మానిటర్ నుంచి వెలువడే తరంగాలను దూరం నుంచే పట్టి, తెర మీది బొమ్మను మళ్లీ నిలపవచ్చని చూపించారు. 1999లో పాల్ కోచర్, జోషువా జాఫ్, బెంజమిన్ జున్ చిప్ లాగే కరెంటును పదే పదే కొలిచి రహస్య కీ రాబట్టే పద్ధతి ప్రచురించారు. 2018లో ఫ్రాన్స్‌లోని యురెకామ్ సంస్థ పరిశోధకులు చూపించింది ఇంకా దారుణం. రేడియో, ప్రాసెసర్ ఒకే చిప్‌లో ఉన్నప్పుడు ప్రాసెసర్ నాయిస్ రేడియోలోకి కారి, దానితో పాటే ప్రసారమైపోతుంది. ప్రతిధ్వనులు లేని ప్రత్యేక గదిలో 10 మీటర్ల దూరం నుంచి ఏఈఎస్ కీ పట్టుకున్నారు.

ఈ చివరిది లేయర్లతో ఆగదు. రేడియో ప్రసారం చేస్తున్నప్పుడు కీతో లెక్కలు చేయించకుండా ఫర్మ్‌వేర్ (చిప్‌ను నడిపే ప్రోగ్రామ్) రాయాలి. మిగతావాటికి మీ బోర్డు చేయగలిగింది ఉంది. ప్రాసెసర్ పవర్ పిన్నుకు ఆనుకుని కెపాసిటర్, కింద చీలని గ్రౌండ్ ఉంటే బయటికి పొక్కేది తగ్గుతుంది. తగ్గుతుందే గానీ ఆగదు, కాబట్టి ఇలాంటి దాడులను తట్టుకునేలా చేసిన క్రిప్టో చిప్ వాడండి.

ఇక అప్‌డేట్ల సంగతి. రేడియేషన్ టెస్టులో (బోర్డు ఎంత రేడియో నాయిస్ వెదజల్లుతోందో కొలిచే పరీక్షలో) ఫెయిలైన బోర్డుకు ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో స్ప్రెడ్ స్పెక్ట్రమ్ క్లాక్ (క్లాక్ వేగాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ ఉండే పద్ధతి) ఆన్ చేసి, పాస్ అయిందని పండగ చేసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. శిఖరం చదునైంది గానీ శక్తి ఎక్కడికీ పోలేదు, పక్కకు పరుచుకుంది. బోర్డు తప్పు బోర్డులోనే ఉంది, దానితోనే సరుకు మార్కెట్‌కు పోతోంది.

మీరు పంపిన ఫొటోలో ఇంకోటి కనిపించింది. ప్రాసెసర్ పక్కన ఐదు ప్యాడ్లు, వాటి పేర్లు కూడా తెల్లగా అచ్చేసి ఉన్నాయి. అది డీబగ్ పోర్టు, అంటే తయారుచేసేవాళ్లు చిప్ లోపలికి నేరుగా తొంగిచూసే దారి. దాన్ని లాక్ చేయకుండా ఫ్యాక్టరీ దాటిస్తే ఎవరూ నాయిస్ వినక్కర్లేదు, వైర్లు తగిలించి మెమరీలోంచి కీ చదువుకుంటారు. లేయర్లు వచ్చే వెర్షన్‌లో మార్చుకోవచ్చు. చాలా చిప్‌లలో ఆ పోర్టును ఫర్మ్‌వేరే మూసేయగలదు. మీ చిప్‌లో వీలుంటే, ఇప్పటికే తలుపులకు బిగించిన లాక్‌లకు ఆ అప్‌డేట్ ఈ వారమే పంపండి.