డబ్బాకా, ప్రింటుకా?

ప్రశ్న: సినిమా డిస్కులు పోగేసే పిచ్చి మాది. గంటస్తంభం దగ్గర టీ తాగుతూ వాదన పడ్డాం. స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ తీసిన ‘పెర్సోనా’ (1966)కి స్పెషల్ ఎడిషన్ దండగ, ఫైట్లా పాటలా, ఉన్నవి రెండు మొహాలేగా అంటాడు మా బావ. మీరేమంటారు?
– ఓ పాఠకుడు, విజయనగరం

జవాబు: రెండు మొహాలే కాబట్టే కావాలండీ! మాట మానేసిన నటి, ఆమెను చూసుకునే నర్సు. ఒకచోట నర్సు చెప్పిన మాటలే రెండుసార్లు వస్తాయి. మొదట కెమెరా నటి మొహం మీద, తర్వాత నర్సు మొహం మీద. చివర్లో ఇద్దరి సగం సగం మొహాలు కలిపి ఒకటి చేస్తారు. నలుపు తెలుపు నీడల్లోనే అసలు కథంతా ఉంది. గ్రెయిన్ (ఫిల్ము మీద సహజంగా ఉండే సన్నటి రేణువులు) తుడిచేసిన ప్రింటులో చర్మం మైనం ముద్దలా కనబడుతుంది, నటన కాస్తా పోతుంది. ఒరిజినల్ నెగటివ్ నుంచి శుభ్రంగా స్కాన్ చేసి ఇస్తే డబ్బు పెట్టొచ్చు. డిస్కుతో పాటు ఇచ్చే ఇనప డబ్బా, పోస్టుకార్డుల కోసమైతే మీ బావగారిదే రైటు. (నా బీరువాలోనూ అలాంటి డబ్బాలు లేకపోలేదు!)

కొనేముందు రీజియన్ (డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు) చూడండి. బ్లూరేలో మనది సి, అమెరికాది ఎ. అక్కడి డిస్కు మీ ప్లేయర్‌లో ఆడకపోవచ్చు. 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు ఆ గొడవ లేదు గానీ, ప్లేయర్ వేరే కొనాలి. ఆ ఖర్చు సంగతి మీ బావగారికి ఇప్పుడే చెప్పకండి.