మగ్గులు, బ్యాగుల మీద కనిపించే పాత ప్యారిస్ ఫ్యాషన్ బొమ్మలు ఎక్కడివి? ఎవరైనా వాడుకోవచ్చా?

చాలా మటుకు పాత ఫ్యాషన్ పత్రికల్లోవే. పత్రికల్లో ఫొటోలు మామూలు కాని రోజుల్లో కొత్త డ్రెస్సు ఎలా ఉంటుందో చూపించాలంటే బొమ్మ గీయించాల్సిందే. వాటిలో నాకు ప్రాణం 'గజెట్ దు బాఁ తాఁ'. లూసియన్ వోజెల్ 1912లో ప్యారిస్‌లో మొదలుపెట్టాడు, మధ్యలో యుద్ధం వల్ల ఆగినా 1925 దాకా నడిచింది.

అందులో రంగులు మెషీన్ వేసినవి కావు. పోష్వార్ అనే పద్ధతిలో ఒక్కో రంగుకు ఒక్కో పల్చటి రేకు కత్తిరించి, దాన్ని కాగితం మీద పెట్టి బ్రష్‌తో చేత్తో అద్దేవాళ్లు. అందుకే అసలు ప్రతిని దగ్గరగా చూస్తే రంగు అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, కొన్నిచోట్ల బ్రష్ లాగిన గీతలూ తెలుస్తాయి. మగ్గు మీద ఆ అందం సగం పోతుంది.

వాడుకోవచ్చా అంటే, అది గీసినవాళ్లు ఎప్పుడు పోయారన్నదాన్ని బట్టి ఉంటుంది. కాపీరైట్ మన దేశంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు, యూరప్‌లో 70 ఏళ్లు. జార్జ్ బార్బియే 1932లో పోయాడు కాబట్టి ఇబ్బంది లేదు, కానీ అదే పత్రికకు గీసిన జార్జ్ లెపాప్ 1971 దాకా బతికాడు, కాబట్టి పత్రిక పాతదే కదా అని ఆయన బొమ్మ తీసుకుని అమ్మకానికి పెట్టొద్దు. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం సైట్‌లో 18, 19 శతాబ్దాల ఫ్యాషన్ బొమ్మలు మంచి సైజులో ఉచితంగా దొరుకుతాయి, అక్కడ మొదలుపెట్టండి. ఏది ప్రింట్ చేసినా కింద చిత్రకారుడి పేరు, ఏడాది మాత్రం తప్పకుండా వేయండి.