పచ్చ త్రికోణం రొయ్యకు అభయం కాదు

ప్రశ్న: వరిలో కాండం తొలిచే పురుగుకి క్లోరాంట్రానిలిప్రోల్ గుళికలు వేస్తున్నాం. సంచి మీద పచ్చ త్రికోణం ఉంది. చేలో నీరు పక్కనున్న రొయ్యల చెరువులోకి దిగితే ఫర్వాలేదా అండీ? – ఒక రైతు, భీమవరం దగ్గర

జవాబు: దిగనివ్వకండి. ఆ రంగు మనిషి భద్రత కోసం. ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చినప్పుడు సగం చనిపోయే మోతాదు (ఎల్‌డీ50) కిలో బరువుకు 5,000 మిల్లీగ్రాములు దాటితే పచ్చ, 50 లోపైతే ఎరుపు. నీటి జీవుల పరీక్ష వేరు. రొయ్యలాగే క్రస్టేషియన్ (పెంకు ఉండే జీవుల వర్గం) అయిన డాఫ్నియా అనే చిన్న నీటి జీవిని 48 గంటలు మందు నీటిలో ఉంచి, ఎన్ని కదలడం మానేశాయో లెక్కిస్తారు. ఈ మందుకు సగం ఆగిపోయే గాఢత లీటరుకు సుమారు 12 మైక్రోగ్రాములే (మిల్లీగ్రాములో వెయ్యో వంతు ఒక మైక్రోగ్రాము)! అది కూడా సురక్షిత హద్దు కాదు, సగం పడిపోయే హద్దు. అందుకే సురక్షిత హద్దు కోసం నిపుణులు దాన్ని 100తోనో అంతకన్నా పెద్ద అంకెతోనో భాగించి చూస్తారు.

ఈ మందు త్వరగా విరిగిపోదు. గుళికలు వేశాక తూము మూసి, గట్ల బొరియలు పూడ్చండి. వాన ముంచుకొచ్చేలా ఉంటే వేయడం వాయిదా వేయండి. మందు కలిపిన బకెట్లు బోదెలో కడగొద్దు. చేలో నీరు దిగే మురుగు కాలువ నుంచే చెరువుకు నీరు తోడుతుంటే, గుళికలు వేసిన రోజుల్లో మోటారు ఆపాలి.