కొత్త వేదిక కట్టబోతున్న మేనకోడలికి

ప్రియమైన మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం వదిలి తెలుగువారందరి కోసం ఒక సామాజిక మాధ్యమం కడుతున్నావని అక్కయ్య చెప్పగానే గర్వపడ్డాను; అందుకోసం ఇల్లు తాకట్టు పెట్టే ఆలోచన కూడా ఉందని తెలిశాక నిద్ర పట్టలేదు. ఇన్ని పెద్ద సంస్థల మధ్య కొత్తదానికి ఇంకా చోటుందా అని అడిగావట. ఉందనే నా నమ్మకం, కానీ 'అందరి కోసం' అన్న మాటే నన్ను భయపెడుతోంది.

కంపెనీ రిజిస్ట్రేషన్, ఫిర్యాదుల అధికారి నియామకం మొదటే పూర్తి చేసుకో.

ట్విటర్ లాంటి మన దేశపు వేదిక 'కూ' చేసిన పొరపాటును మాత్రం నిదానంగా చదువు. 2020లో కేంద్రం పెట్టిన ఆత్మనిర్భర్ యాప్ పోటీలో నెగ్గిన ఆ బెంగళూరు వేదికలో, 2021 ఫిబ్రవరిలో ట్విటర్‌కూ కేంద్రానికీ తగవు ముదిరినప్పుడు మంత్రులు చేరారు, వారి వెంట జనం చేరారు. అదే ఏడాది నైజీరియా ట్విటర్‌ను నిషేధిస్తే 'కూ' అక్కడికి వెళ్లింది. 2022లో ట్విటర్ చేతులు మారి గందరగోళం రేగితే బ్రెజిల్‌కు వెళ్లింది. ప్రతిసారీ జనం వచ్చింది ఇంకొకరి మీద కోపంతోనే. నైజీరియా 2022 జనవరిలో నిషేధం ఎత్తేసింది. కోపం చల్లారినవారు పాత చోటికే పోతారు, ఎందుకంటే వారి స్నేహితులు అక్కడే ఉన్నారు. పెట్టుబడులు ఆగిపోయి 2024 జూలైలో 'కూ' మూతపడింది. తెలుగులోనూ రాసుకోగలిగిన వేదిక అది, నాకు నిజంగా బాధ కలిగింది.

ఫేస్‌బుక్ 2004లో ఒక్క హార్వర్డ్‌తో మొదలై, కళాశాల తరువాత కళాశాలగా నిండి, 2006లో గాని అందరికీ తలుపులు తెరవలేదు. నువ్వు బడిలో ఉన్నప్పుడు మన ఇంటివాళ్లమంతా అప్పటి సామాజిక మాధ్యమం ఆర్కుట్‌లో స్క్రాపులు, అంటే చిన్న సందేశాలు, రాసుకునేవాళ్లం; మీ పెద్దమ్మ వదిలేయగానే ఒక్కొక్కరం ఫేస్‌బుక్‌కు వెళ్లిపోయాం. 2014లో ఆర్కుట్ మూతపడేనాటికి మాలో ఎవరూ అందులో లేరు.

కాబట్టి పంతం మాని ఒక్క గుంపును ఎంచుకో, తల్లీ. గుంటూరు మిర్చి రైతులనే తీసుకో. వారికి వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి, కానీ నల్ల తామర పురుగుకు నిరుడు పక్క ఊరి రైతు ఏ మందు కొట్టాడో అందులో ఇప్పుడు వెతికి పట్టుకోవడం కష్టం. ఆ జవాబు దొరికే చోటు నీదైతే, వారు ఎవరి మీదా కోపం లేకుండానే రేపు మళ్లీ వస్తారు. వీడియోల జోలికి ఇప్పుడే వెళ్లకు, సర్వర్ల ఖర్చు నిన్ను మింగేస్తుంది.

తాకట్టు మాట అమ్మ దగ్గర ఇక ఎత్తవద్దు. జీతం లేని నెలల్లో నీ ఖర్చు నేను చూసుకుంటాను. ముందు ఏ ఊరితో మొదలుపెడతావో ఆలోచించి నాకు రాయి.

మీ మామయ్య