శాటిలైట్ ఫోటోలతో సముద్రపు కోతని కొలవొచ్చా?

చెన్నై రాయపురంలో ఉండే మీరు అడిగింది, సముద్రం ఎంత ముందుకొచ్చిందో శాటిలైట్ ఫోటోల్లో తెలుస్తుందా, ఇంకో 20 ఏళ్లకి ఎక్కడుంటుందో చెప్పొచ్చా అని. కొలవడం బాగానే కుదురుతుంది. జోస్యం దగ్గరే జాగ్రత్త కావాలి.

నీళ్లు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని దాదాపు మొత్తం పీల్చేసుకుంటాయి, ఇసుక వెనక్కి పంపుతుంది, ఆ తేడాతోనే నీటికీ నేలకీ మధ్య గీత గీస్తారు. అమెరికా ల్యాండ్‌శాట్ శాటిలైట్లవి 1980ల నుంచి ఉన్న ఫోటోల్లో ఒక్కో పిక్సెల్ (ఫోటోలో ఒక చుక్క) అంటే నేలమీద 30 మీటర్లు, 2015లో మొదలైన యూరప్ శాటిలైట్ సెంటినెల్-2లో 10 మీటర్లు, రెండూ ఉచితమే. ఏడాదికో గీత చొప్పున ఒకదానిమీద ఒకటి పెట్టి, తీరానికి అడ్డంగా వరుసగా కొలత గీతలు వేసి, ఒక్కోచోట ఏడాదికి ఎన్ని మీటర్లు జరిగిందో లెక్కేస్తారు.

చాలామంది ఆటుపోట్లు మర్చిపోతారు. 20 మీటర్లకి ఒక మీటరు వాలున్న బీచ్‌లో నీటిమట్టం అరమీటరు పెరిగితే చాలు, గీత 10 మీటర్లు లోపలికొచ్చేస్తుంది, అది కోత కాదు. అందుకే ఒకే సీజన్ ఫోటోలు తీసుకుని, ఆటుపోట్ల తేడా సరిచేయాలి.

ఇక జోస్యమంటే పాత వేగాన్నే ముందుకి పొడిగించడం. చెన్నైలో ఇసుక ఏడాది మొత్తమ్మీద ఉత్తరానికే ఎక్కువ కదులుతుంది, హార్బర్ గోడలు దాన్ని ఆపేశాక దక్షిణాన మెరీనాలో మేట వేసింది, ఉత్తరాన మీ రాయపురం వైపు కోత పడింది. తర్వాత అక్కడ రాళ్ల గోడలు వేశారు కాబట్టి, గోడలకి ముందున్న వేగంతో మీ వీధి భవిష్యత్తు లెక్కేస్తే అది కచ్చితంగా తప్పుతుంది.