అక్టోబరు మొదటి బుధవారం

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. న్యూయార్క్ నగరంలో ఆడిటు ఉద్యోగం వదిలేసి, అదే రాష్ట్రంలో పైనున్న మొహాక్ లోయలో ఓ చిన్న సిటీ స్కూలు డిస్ట్రిక్టు బిజినెస్ ఆఫీసుకు, అంటే ఊళ్లోని సర్కారు బళ్లన్నిటి డబ్బు లెక్కలూ చూసే చోటికి, వెళ్తున్నావట. జీతం తగ్గుతుందని దాని బెంగ. నాకైతే కడుపు నిండిపోయింది. తర్వాత మాత్రం తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. నూటికి డెబ్బై అయిదు మంది పేదింటి పిల్లలున్న చోట, ఆ కుర్చీలో ఉన్న మనిషి ఒక గడిలో అంకె తప్పు వేస్తే ఆ దెబ్బ రెండో తరగతికొచ్చినా చదవడం రాని పిల్లాడికి తగులుతుంది. అందుకే ఈ ఉత్తరం.

అందరూ చెప్పే మాటలు ఒక్క వరుసలో: మొదటి వారంలోనే రాష్ట్ర సాయం లెక్కల కంప్యూటర్ వ్యవస్థ సామ్స్‌లో లాగిన్ తీసుకో, గత అయిదేళ్ల వార్షిక ఆర్థిక లెక్కల ఎస్‌టీ-3 నివేదికలు కూర్చుని చదువు, సూపరింటెండెంటుతో వారానికోసారి మాట్లాడు, మంచు టైర్లు నవంబరు రాకముందే వేయించుకో.

ఇక ఫౌండేషన్ ఎయిడ్, అంటే స్కూళ్లు నడపడానికి రాష్ట్రం డిస్ట్రిక్టుకిచ్చే ప్రధాన సాయం. దాని ఫార్ములా చూడ్డానికి భయపెడుతుంది గానీ లోపలున్నవి అయిదు ముక్కలే. ఒక్కో పిల్లాడికి ఇంత అని రాష్ట్రం ఓ మూల మొత్తం కడుతుంది. దాన్ని ప్రాంతాల ఖర్చుల సూచీతో గుణిస్తారు. న్యూయార్క్ నగరానికీ లాంగ్ ఐలండ్‌కీ అది 1.425, మీ మొహాక్ లోయకు 1.000. అంటే దానివల్ల నీకు ఒక్క డాలరు కలిసిరాదు. తర్వాత పిల్లల అవసరాల సూచీ. ఇది 1కీ 2కీ మధ్య ఉంటుంది, పేదరికమూ ఇంగ్లీషు రాని పిల్లల సంఖ్యా దీంట్లోకే వస్తాయి. వచ్చిన మొత్తంలోంచి ఊరు పెట్టుకోవాల్సిన వాటా తీసేసి, మిగిలినదాన్ని పిల్లల సంఖ్యతో గుణిస్తారు. ఆ సంఖ్య కూడా తలలెక్క కాదు. ప్రత్యేక విద్య అవసరమైన పిల్లాడు ఒకడిగా లెక్కకొచ్చాక, వాడిమీద ఇంకో 1.41 బరువు చేరుతుంది. ఈ అయిదు ముక్కల్లో నీ చేతిలో ఉన్నవి రెండే, అవసరాల సూచీ, పిల్లల లెక్క. మిగతావి రాష్ట్ర రాజధాని అల్బనీలో తేలతాయి.

ఊరి వాటా దగ్గర ఒక మెలిక ఉంది, స్కూలు బోర్డుకు నువ్వే విడమరిచి చెప్పాలి. ఊరి సత్తువను సగం ఆస్తి విలువతో, సగం జనం ఆదాయంతో కొలుస్తారు. రాష్ట్ర సగటు అయితే 1. కానీ ఫార్ములాలో ఆదాయ సూచీకి చాలా ఏళ్లపాటు 0.65 అని అడుగు హద్దు పెట్టారు. ఊళ్లో ఆదాయం రాష్ట్ర సగటులో నూటికి నలభైయే ఉన్నా, అరవై అయిదు ఉన్నట్టే లెక్కేసి అంత వాటా పెట్టుకోమనేది ఫార్ములా. దీనివల్ల నష్టపోయేది అందరికన్నా పేద ఊళ్లే. ఇలాంటి హద్దులు బడ్జెట్ చట్టంలో మారుతుంటాయి. ఎవరో చెప్పిన సారాంశం నమ్మకు, ఏటా చట్టపాఠమే తీసి ఆ అంకె చూడు.

ఇప్పుడు అసలు సంగతి. నేను పనిచేసిన రోజుల్లో మా ఆఫీసులో జరిగిన తప్పు ఇది, నా చేతుల మీదుగానే జరిగింది. ఊరి పేరు వద్దు. ఇలాంటి తప్పు ఎక్కడైనా జరుగుతుంది కాబట్టి దాని లెక్క నీకు అర్థం కావాలి.

కోర్టులో ఏళ్ల తరబడి కేసు నడిచాక 2007లో ఫౌండేషన్ ఎయిడ్ వచ్చింది. నాలుగేళ్లలో పూర్తిగా ఇస్తామన్నారు. 2009-10లో ఆపేశారు. 2010-11 నుంచి బడ్జెట్ లోటు పూడ్చుకోవడానికి ఇచ్చినదాంట్లోంచే కోత మొదలుపెట్టారు, ఆ కోత పూర్తిగా పోయేసరికి 2016-17 వచ్చింది. ఆ గడ్డు ఏళ్లలో ఆఫీసుల్లో ఒక మాట పుట్టింది: "ఫార్ములా ఎంత చూపిస్తే ఏం, డబ్బు రానప్పుడు?" ఆ మాటతో పేద పిల్లల లెక్క మీద శ్రద్ధ పోయింది. పేద పిల్లల్ని లెక్కించడానికి ఆధారమైన ఉచిత, రాయితీ భోజనాల దరఖాస్తులు స్కూళ్ల నుంచి రాకపోతే రెండోసారి అడగలేదు. సంతకం లేనివి పక్కన పెట్టేశాం. తర్వాత రాష్ట్రం మళ్లీ కొంచెం కొంచెం పెంచడం మొదలుపెట్టినప్పుడు, ఎవరికెంత అన్నది ఫార్ములా ప్రకారం రావాల్సిందానికీ నిజంగా అందుతున్నదానికీ మధ్య ఉన్న తేడాను బట్టి తేల్చారు. లెక్క వదిలేసిన ఊరికి రావాల్సిందే తక్కువగా కనబడింది, కాబట్టి తేడా చిన్నదైంది, పెంపూ చిన్నదైంది. డబ్బు రాని ఏళ్లలో వదిలేసిన కాగితం, డబ్బు వచ్చిన ఏడు మా చెయ్యి నరికింది.

ఎంత పోతుందో ఒక మాదిరి లెక్క వేసి చూపిస్తా. పెన్ను తీసుకో. మూల మొత్తం 8,000 డాలర్లు అనుకో, పిల్లలు 4,000 మంది, బరువులన్నీ కలిపాక 4,400. ప్రాంతం సూచీ 1. అప్పటి ఫార్ములాలో ఉచిత, రాయితీ భోజనానికి అర్హులైన ఒక్కో పిల్లాడికి 0.65 బరువు. 300 మంది లెక్కలోకి రాలేదంటే 195 బరువు పోయినట్టు. దాన్ని 4,000తో భాగిస్తే అవసరాల సూచీలో 0.04875 తగ్గుతుంది. 8,000తో గుణించు: తలకు 390 డాలర్లు. 4,400తో గుణించు: ఏడాదికి 17,16,000 డాలర్లు. ఒక్కో కాగితం విలువ 5,720 డాలర్లు. పిల్లాడి బ్యాగు అడుగున నలిగి, అరటిపండు మరక అంటి, తల్లి సంతకం ఒక్కటే తక్కువైన ఆ కాగితం.

మూడేళ్ల సగటు తీస్తారు కాబట్టి ఈ నష్టం ఒక్కసారిగా కనపడదు. మొదటి ఏడు మూడో వంతే పడుతుంది, నమోదు తగ్గిందేమో అనుకుని ఊరుకుంటారు. మూడో ఏటికి మొత్తం పడుతుంది. సరిదిద్దినా మళ్లీ మూడేళ్లు. పైగా అప్పటి లెక్కలో కిండర్‌గార్టెన్ నుంచి ఆరో తరగతి దాకా ఉన్న పిల్లల శాతమే తీసి మొత్తం డిస్ట్రిక్టుకు వర్తింపజేసేవాళ్లు. అంటే చిన్న తరగతుల్లో పోయిన ఒక్క కాగితం దాదాపు ఇద్దరు పిల్లల లెక్క మింగేసేది. అందరికీ ఉచిత భోజనం పథకంలో చేరిన చోట ఇది ఇంకా ప్రమాదం. ఎలాగూ అన్నం పెడుతున్నారని తల్లిదండ్రులు ఏ కాగితమూ నింపరు. 2023లో ఆ పథకం అర్హత గీతను 40 శాతం నుంచి 25కి దించారు, కాబట్టి ఇప్పుడు చాలా చోట్ల ఇదే పరిస్థితి. అన్నం పెట్టడం ఆపమని కాదు తల్లీ, ఆ పథకం ఉన్నచోట ఆదాయ పత్రం విడిగా నింపించే పని నీది.

2025-26లో ఈ భాగం మారింది. భోజనాల లెక్క స్థానంలో ఆర్థికంగా వెనకబడిన పిల్లల లెక్క వచ్చింది. పాతికేళ్ల నాటి 2000 జనగణన పేదరికం అప్పటిదాకా ఫార్ములాలో ఉండేది, దాన్ని తీసి సెన్సస్ బ్యూరో ఏటా వేసే అంచనా పెట్టారు. ఆ అంచనాను నువ్వు దిద్దలేవు. మొదటిదాన్ని దిద్దగలవు. ఫుడ్ స్టాంపులు, పేద వృద్ధులకూ వికలాంగులకూ ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ, చలికాలం హీటింగ్ సాయం, పిల్లల్ని వేరే కుటుంబంలో ఉంచి పెంచే ఫాస్టర్ కేర్, శరణార్థుల సాయం, పన్నుల్లో వచ్చే ఆదాయ క్రెడిట్, వీటిలో ఏ ఒక్కటి ఇంట్లో ఉన్నా పిల్లాడు లెక్కలోకి వస్తాడు. కాగితం మీద "మీరు పేదవాళ్లా" అన్నట్టు అడిగితే ఎవరూ చెప్పరు. ఈ పేర్లన్నీ వరుసగా రాసి, వాటి పక్కన గడులు పెట్టు. యుటికా లాంటి ఊళ్లలో బోస్నియా నుంచీ బర్మా నుంచీ వచ్చిన కుటుంబాలున్నాయి, వాళ్ల భాషలో ఆ కాగితం ఉండాలి. ఆఫీసు నుంచి పంపితే రాదు. స్కూల్లో తల్లులకు పేరుపేరునా తెలిసిన క్లర్కమ్మ ఒకావిడ ప్రతిచోటా ఉంటుంది. ఆవిణ్ణి పట్టుకో. ఆగస్టు చివర నమోదు బల్ల దగ్గరే నింపించు, సెప్టెంబరు 15కల్లా స్కూళ్లవారీగా ఎన్ని తక్కువున్నాయో జాబితా తీసి ప్రిన్సిపాళ్లకు పంపు. హైస్కూలు పిల్లలు సిగ్గుతో ఇవ్వరు. వాళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ కింది తరగతుల్లో ఉంటే ఇంటి చిరునామాతో జతచేసి పట్టుకో.

పెద్ద సంఖ్యలకు మురిసిపోకు. జనవరిలో గవర్నరు బడ్జెట్‌తో పాటు వచ్చే ఎయిడ్ రన్, అంటే ఏ డిస్ట్రిక్టుకెంత సాయమో చూపే పట్టిక, అంచనా మాత్రమే. రాష్ట్రానికి ఏప్రిల్ 1న కొత్త ఏడాది మొదలవ్వాలి గానీ 2025లో బడ్జెట్ మే నెలలో గానీ తేలలేదు. నీ డిస్ట్రిక్టు బడ్జెట్ మీద జనం ఓటింగు మాత్రం మే మూడో మంగళవారం, ఎవరి కోసమూ ఆగదు. అందుకని మూడు నిలువు వరుసలు పెట్టుకో: గవర్నరు చెప్పింది, పాత ఏడాది ఇచ్చిందే వస్తే, దానికన్నా రెండు శాతం తగ్గితే. బోర్డుకు మూడూ చూపించు. ఒక్కసారి వచ్చే డబ్బుతో టీచర్లను పెట్టకు. కోవిడ్ కాలపు కేంద్రం డబ్బు ఖర్చుకు ఒప్పందాలు కుదుర్చుకునే గడువు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. దాంతో కౌన్సెలర్లను పెట్టుకున్నవాళ్లు ఆ జీతాలకు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ డబ్బు కిటికీలకూ బాయిలర్లకూ పోయుంటే ఆ తిప్పలు తప్పేవి.

పన్ను పెంచి సరిపెట్టుకుందామా అంటే, 2012-13 నుంచి పెంపు మీద రెండు శాతమో ధరల పెరుగుదలో ఏది తక్కువైతే దాని చుట్టూ కట్టిన హద్దు ఉంది. దాటాలంటే అరవై శాతం ఓట్లు కావాలి. రెండు కోట్ల డాలర్ల పన్ను వసూలు చేసే ఊరికి రెండు శాతమంటే నాలుగు లక్షలు. పది కోట్లు వసూలు చేసే శివారుకు ఇరవై లక్షలు. హద్దు ఒకటే, చేతికొచ్చేది వేరు. ఇక మిగులు నిధి: మరుసటి ఏడాది బడ్జెట్‌లో నాలుగు శాతం మించి కేటాయించని నిధి దాచుకోకూడదు. ఆ గీత దాటి ఆడిటులో రాయించుకోకు. దాచుకోవాలనుకుంటే పేరున్న రిజర్వులో వేసుకో, అదీ బోర్డు తీర్మానంతోనే.

కట్టడాల సాయం గురించి ఒకే ఒక్క హెచ్చరిక. పని ముగిశాక తుది ఖర్చు నివేదిక గడువులోగా పంపకపోతే ఇచ్చిన సాయాన్ని రాష్ట్రం వెనక్కి అడిగిన సందర్భాలున్నాయి. మాఫీ కోసం శాసనసభలో ప్రత్యేక చట్టం చేయించుకోవాల్సి వచ్చిన డిస్ట్రిక్టులు ఒకటీ రెండూ కావు. గోడ మీద పెద్ద క్యాలెండర్ తగిలించి, ప్రతి ప్రాజెక్టుకూ ఆ తేదీ ఎర్ర సిరాతో రాయి. నువ్వు జ్వరంతో పడుకున్నా ఇంకొకరికి ఆ తేదీ కనపడాలి. చిన్న ఊళ్ల ఆఫీసుల్లో నాకున్న భయమంతా అదే. అన్నీ ఒక్క మనిషి తలలో ఉంటాయి, ఆ మనిషి లేని రోజు పని ఆగిపోతుంది.

చిన్న సిటీల కథ కూడా కాస్త తెలుసుకో, సమావేశాల్లో పనికొస్తుంది. జనాభా 1,25,000 లోపున్న సిటీల డిస్ట్రిక్టులు 57. చాలాకాలం అప్పుల విషయంలో వీటిని రాజ్యాంగమే అయిదు శాతం హద్దుతో కట్టేసింది, మిగతా డిస్ట్రిక్టులకు పది. 2023 నవంబరులో జనం ఓటు వేసి ఆ ప్రత్యేక హద్దు తీసేశారు. ఎనిమిది చిన్న సిటీల పేర్లు విను: జేమ్స్‌టౌన్, కింగ్‌స్టన్, మౌంట్ వెర్నాన్, న్యూబర్గ్, నయాగరా ఫాల్స్, పోర్ట్ జెర్విస్, పొకీప్సీ, యుటికా. స్కూళ్లకు చాలినంత డబ్బు ఇవ్వడం లేదని అక్కడి పిల్లల తల్లిదండ్రులు 2008లో రాష్ట్రం మీద వేసిన కేసు పేరు మైస్టో. 2015లో విచారణ, రెండుసార్లు కింది కోర్టులో ఓటమి, 2021లో అప్పీలు కోర్టులో గెలుపు. ఆ కోర్టుల ముందు నిలిచిన ప్రశ్నలు ఇవి: తరగతిలో ఎంతమంది, వెనకబడినవాళ్లకు అదనంగా చెప్పే టీచర్లెందరు, సోషల్ వర్కర్లెందరు, ఎంతమంది హైస్కూలు పూర్తిచేశారు, వీటన్నిటికీ డబ్బుకూ ఉన్న ముడి ఏమిటి. నీ డిస్ట్రిక్టులో ఏటా అవసరమై కూడా పెట్టలేకపోయిన పోస్టుల జాబితాను స్కూలువారీగా తేదీతో రాసి దాచు. రేపు ఎవరైనా అడిగితే జ్ఞాపకం మీద చెప్పిన మాట చెల్లదు.

చెవినిల్లు కట్టుకుని పోరుతోంది పెద్దమ్మ అనుకుంటావేమో, అనుకో. అన్నం మానెయ్యకు. బల్ల దగ్గరే చిప్స్ తిని పూట గడిపేది నువ్వు, నాకు తెలుసు. ఓ డబ్బాలో పెరుగన్నం పెట్టుకుని వెళ్లు. మంచు పడే రోజు బోర్డు మీటింగు ఎంత ముఖ్యమైనదైనా రాత్రి పదింటికి హైవే ఎక్కకు, అక్కడే ఎవరింట్లోనో పడుకో.

ఉత్తరం పైన రాసింది తేదీ కాదు, అక్కడ స్కూలు పిల్లల్ని లెక్కపెట్టే రోజు: అక్టోబరు మొదటి బుధవారం. మన ఊళ్లో మీ అమ్మ సెప్టెంబరు 30కి స్కూలు పిల్లల లెక్కల యూడైస్ పట్టీలు ఎలా నింపేదో నీకు గుర్తుందిగా, ఇదీ అలాంటిదే. ముందురోజు మంగళవారం సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి. స్కూళ్లవారీ జాబితా ముందు పెట్టుకో. నేను అడుగుతూ ఉంటా, నువ్వు ఒక్కో స్కూలు పేరూ, పిల్లలెందరూ, పత్రాలెన్నీ చదువుతూ రా. తేడా ఉన్న చోట ఆగుదాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ